అక్కడ అయ్యే పని అక్కడే ముగించి రండి

విదేశంలో ఇంగ్లీషు పాఠాలు చెబుతున్న భార్యాభర్తలు ఇక ఇంటికి పోదామని తేల్చుకున్నాక విమానం ఎక్కే దాకా ఐదారు వారాలు మిగులుతాయి. పెట్టెలు సర్దడం, ఎవరెవరికి ఏం కొనాలో రాసుకోవడం, తోటి టీచర్ల ఇళ్లలో వీడ్కోలు భోజనాలు, వీటితోనే ఆ వారాలు గడిచిపోతాయి. కర్నూలు జిల్లాలో గూడూరులోనో కోడుమూరులోనో దిగిన నెలకు ఒక కాగితం అవసరం పడుతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన హెడ్మాస్టరు అప్పటికి ఇంకో బడికి మారిపోయి ఉంటారు. మన వీసా రద్దయి ఉంటుంది. బ్యాంకు ఓటీపీ పంపే ఫోన్ నంబరు మన చేతిలో ఉండదు. ఇక్కడి నుంచి మెయిళ్లు పంపుతూ నెలల తరబడి ఎదురుచూసే దంపతులు ఉన్నారు. అక్కడ ఉండగా అది ఒక్క పూటలో అయిపోయే పని.

కాబట్టి ఈ వారాల్లో మీ ముందుకొచ్చే ప్రతి పనినీ ఒకే ప్రశ్న అడగండి: ఇది అక్కడ మాత్రమే అవుతుందా, ఊరికొచ్చాక కూడా అవుతుందా? రెండో రకం పనులన్నీ పక్కన పెట్టేయండి. ఆధార్‌లో చిరునామా, ఓటరు జాబితా, ఇంటికి రంగులు, స్కూటర్ కొనడం, అన్నిటికీ ఇక్కడ కావలసినంత టైముంటుంది. మొదటి రకానికి మాత్రం గడువుంది. మన పడమటి పల్లెలకు ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుంచి ఏటా సుగ్గికని, అంటే కోతల కూలికని, గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలున్నాయి. చేను దగ్గర తేలని కూలి లెక్క ఊరికొచ్చాక తేలడం ఎంత కష్టమో వాళ్లకు తెలుసు. చదువుకుని విమానంలో పోయిన మనకూ అదే లెక్క వర్తిస్తుంది.

మన టీచర్లు వెళ్లిన దారులు ఒకటి రెండు కాదు. మాల్దీవుల బడుల్లో దశాబ్దాలుగా భారతీయ ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇథియోపియాలో 2000 తర్వాత విశ్వవిద్యాలయాలు పెరిగినప్పుడు మన లెక్చరర్లు అక్కడికి వెళ్లారు. ఒమన్, కువైట్, యూఏఈలలో సీబీఎస్‌ఈ బడులున్నాయి. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది, ఆఖరి వారాల ఒత్తిడి మాత్రం ఒకటే. మాల్దీవుల్లో ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాదాపు 1,190 దీవుల్లో జనం ఉండేవి రెండు వందలలోపే. మీరుండేది రాజధాని మాలేకు దూరంగా ఉన్న ఏదో చిన్న దీవి కావచ్చు. భారత హైకమిషన్, మంత్రిత్వ శాఖల కార్యాలయాలు ఉండేది మాలేలో. సముద్రం బాగాలేని రోజు స్పీడ్‌బోటు కదలదు. అందుకని మాలే పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ప్రయాణానికి కనీసం నెల ముందే ఒకసారి వెళ్లి రండి. ఆఖరి రెండు రోజులకు వాటిని పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముందు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. చాలామంది తెచ్చుకునే సర్టిఫికెట్‌లో మూడు వాక్యాలుంటాయి: ఫలానా వారు ఫలానా సంవత్సరం నుంచి మా బడిలో పనిచేశారు, నడవడిక బాగుంది, వారికి శుభాకాంక్షలు. ఇక్కడ ఇంటర్వ్యూలో కూర్చున్న ప్రిన్సిపాల్‌కు దాని వల్ల ఏమీ తెలియదు. మీరు చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పారా, పదో తరగతి వాళ్లను కేంబ్రిడ్జి పరీక్షకు తయారు చేశారా? పూర్తికాలమా, పార్ట్‌టైమా? అందుకే ఏమేం ఉండాలో మీరే రాసి పట్టుకెళ్లండి. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టుగా పేరు, పాస్‌పోర్ట్ నంబరు, హోదా, చేరిన తేదీ, విడిచిన తేదీ, చెప్పిన తరగతులు, సిలబస్ పేరు, వారానికి ఎన్ని పీరియడ్లు, ఆఖరున తీసుకున్న జీతం, విడిచిన కారణం. ఒప్పందం ముగిసి వెళ్తున్నారంటే ఆ మాట అందులో ఉండాలి. లేకపోతే మధ్యలో మానేశారా అన్న అనుమానం ఒకటి మిగిలిపోతుంది. సంతకం కింద సంతకం చేసినవారి పేరు, హోదా, బడి ముద్ర, ఫోన్ నంబరు కనిపించాలి. బడి పత్రికకు ఎడిటరుగా ఉన్నా, డిబేట్ జట్టును తీర్చిదిద్దినా, కొత్త టీచర్లకు శిక్షణ ఇచ్చినా అది కూడా రాయించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు. ఏళ్ల తరబడి చేసిన పనికి అది ఒక్కటే సాక్ష్యం.

భార్యాభర్తలిద్దరికీ వేరువేరు సర్టిఫికెట్లు ఉండాలి. ఇది చెప్పాల్సి రావడం బాధాకరమే. ఇద్దరూ ఒకే బడిలో చేసినప్పుడు ఆయన కాగితాలు నిండుగా, ఆమెవి అరకొరగా ఉండటం నేను చాలా చోట్ల గమనించాను. వీసా ఆయన పేరు మీద వచ్చిందనో, ఆమె మొదట తాత్కాలిక టీచరుగా చేరిందనో కారణాలు చెబుతారు. తాత్కాలికంగా చేసిన నెలలు కూడా అనుభవమే. ఆ నెలలకు నియామకపు ఉత్తరం లేకపోతే జీతం జమయిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని, ఆ కాలాన్ని కూడా సర్టిఫికెట్‌లో కలపమని అడగాలి. ఊరికొచ్చాక ఇద్దరిలో ముందుగా ఉద్యోగం దొరికేది ఆమెకే కావచ్చు.

పేర్ల సంగతి ఇంకా పెద్దది. మన టెన్త్ మార్కుల మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఒక్కోసారి ఒక్క అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడదీసి వేరే గడిలో పడుతుంది. పెళ్లయ్యాక పాస్‌పోర్ట్ మార్పించుకున్న ఆడవాళ్లకు భర్త ఇంటిపేరు చేరుతుంది. విదేశీ బడి రికార్డుల్లో ఇవన్నీ తారుమారై, కన్నతండ్రి పేరే టీచరు పేరుగా మారిన సర్టిఫికెట్లు కూడా ఉంటాయి. బీఈడీ మీద ఒక పేరు, అనుభవం మీద ఇంకో పేరు ఉంటే ఆ అనుభవం మీదేనని నిరూపించడానికి అఫిడవిట్ చేయించాలి, పెళ్లి సర్టిఫికెట్ జత చేయాలి. అక్కడ ఉండగా బడి గుమాస్తాను అడిగితే ఒక వాక్యం చేరుస్తారు: పాస్‌పోర్ట్‌లో ఈ పేరుతోనూ, విద్యార్హత పత్రాల్లో ఈ పేరుతోనూ ఉన్నవారు ఒకరే అని. ఆ ఒక్క వాక్యం ఇక్కడ ఎన్నో తిరుగుళ్లు తప్పిస్తుంది.

తర్వాత అటెస్టేషన్. కర్నూలులోని ప్రైవేటు బడి దాన్ని అడగకపోవచ్చు. కానీ రెండేళ్ల తర్వాత మీకు మళ్లీ ఇంకో దేశం వెళ్లాలనిపిస్తే మొదట అడిగేది అదే. చాలా దేశాల్లో బడి ఇచ్చిన కాగితాన్ని అక్కడి విద్యాశాఖ, తర్వాత విదేశాంగ శాఖ, ఆపై భారత రాయబార కార్యాలయం వరుసగా ధ్రువీకరిస్తాయి. హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో అపోస్టిల్ అనే ఒక్క ముద్ర సరిపోతుంది. భారత్ 2005లో, ఒమన్ 2012లో, సౌదీ 2022లో ఆ ఒప్పందంలోకి వచ్చాయి. మీరున్న దేశం అందులో ఉందో లేదో రాయబార కార్యాలయంలో అడిగి, దాన్ని బట్టి పని మొదలుపెట్టండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అక్కడ ఉండగానే తీసుకోండి. గల్ఫ్ దేశాల సర్టిఫికెట్‌ను వచ్చేశాక ఇక్కడి నుంచి తెప్పించుకోవాలంటే వేలిముద్రలు, వాటికి ధ్రువీకరణ, రాయబార కార్యాలయం అంటూ తిరుగుడు మొదలవుతుంది. పిల్లలతో పనిచేసే ఉద్యోగానికి ఆ కాగితం అడగడం న్యాయమే, మంచి బడులు అడుగుతాయి కూడా.

మీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు, వాళ్ల సొంత ఈమెయిల్ చిరునామాలు తీసుకోండి. బడి ఇచ్చిన మెయిల్ ఆ మనిషి బదిలీ కాగానే ఆగిపోతుంది. ఎవరైనా అడిగితే మీ గురించి ఏం చెప్పాలో వాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. మూడేళ్ల తర్వాత హఠాత్తుగా మెయిల్ వస్తే ఎవరికైనా వివరాలు గుర్తుండవు.

క్లాసు సంగతికి వస్తాను, నా మనసుకు దగ్గరి విషయం ఇదే. కాగితాల మీద పడి చివరి వారాల్లో తరగతిని వదిలేసే టీచరంటే నాకు గౌరవం తగ్గుతుంది. వెళ్తున్నామని పిల్లలకు ముందే చెప్పాలి, ఆఖరి రోజున కాదు. మళ్లీ వస్తామని మాట ఇవ్వకూడదు. దీవి లాంటి చిన్న చోట ఇంగ్లీషు టీచరు వెళ్లిపోతే కొత్త మనిషి వచ్చేదాకా ఆ క్లాసు ఖాళీగా ఉండొచ్చు. అందుకని ఒక నోట్‌బుక్ వదిలి రండి: సిలబస్‌లో ఎక్కడిదాకా వచ్చారు, ఏ పిల్లవాడు చదవగలడు కానీ రాయలేడు, ఏ అమ్మాయి క్లాసులో నోరు విప్పదు కానీ కాగితం మీద బాగా రాస్తుంది, ఎవరికి అక్షరాలు తిరగబడతాయి. తర్వాత వచ్చే టీచరుకు నెల రోజుల శ్రమ తప్పుతుంది. మీ సర్టిఫికెట్ మీద హెడ్మాస్టరు రాసే మాటలు కూడా చాలావరకు ఈ ఆఖరి వారాల పని చూసే వస్తాయి.

మీరు తయారు చేసుకున్న పాఠ్య ప్రణాళికలు, వర్క్‌షీట్లు, ప్రశ్నపత్రాలు బడి కంప్యూటర్‌లో ఉంటే మీ సొంతవి అనుమతి అడిగి కాపీ చేసుకోండి. బడి కొన్న పుస్తకాల సాఫ్ట్ కాపీలు, బోర్డు పరీక్ష సామగ్రి తీసుకురావద్దు. పిల్లల ఫొటోలు, వాళ్ల పేర్లున్న మార్కుల జాబితాలు కూడా వద్దు. పేర్లు తీసేసి, ఒకే పిల్లవాడు సంవత్సరం మొదట్లో రాసిన పేరా, చివర్లో రాసిన పేరా పక్కపక్కన పెట్టుకునేందుకు బడి ఒప్పుకుంటే అంతకంటే మంచి రుజువు లేదు. ఇంటర్వ్యూలో మీరు అరగంట చెప్పేదాన్ని ఆ రెండు పేరాలు చెబుతాయి.

ఇక డబ్బు. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగం విడిచేటప్పుడు చట్టప్రకారం గ్రాట్యుటీ వస్తుంది. దాన్ని బడి లెక్క వేసి ఇచ్చేదాకా ఆగకండి, మీరే ముందుగా వేసుకోండి. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. నెలకు 4,000 దిర్హమ్‌ల మూల వేతనంతో ఆరేళ్లు చేసిన టీచరు లెక్క ఇలా ఉంటుంది: ఐదేళ్లకు 105 రోజులు, ఆరో ఏడాదికి 30, మొత్తం 135 రోజులు, అంటే 18,000 దిర్హమ్‌లు. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం ఇందులో కలవవు. జీతం చీటీలో మూల వేతనం ఎంతో ఇప్పుడే చూసుకోండి. యూఏఈ చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో బకాయిలన్నీ చెల్లించాలి. కువైట్‌లో నెల జీతగాళ్లకు మొదటి ఐదేళ్లు ఏడాదికి 15 రోజుల వేతనం, ఆపై నెల వేతనం. ఒమన్ 2023లో తెచ్చిన కార్మిక చట్టం ఏడాదికి ఒక నెల మూల వేతనం అంటోంది. మాల్దీవుల్లో ఉన్నవాళ్లు మీ కాంట్రాక్టు కాగితం తీసి, విమానం టికెట్, వాడుకోని సెలవులు, ముగింపు సొమ్ము గురించి ఏం రాసుందో ఒక్కో లైను చదవండి. అంతా అందిందని రాసున్న కాగితం మీద డబ్బు ఖాతాలో పడకముందు సంతకం చేయొద్దు.

మాల్దీవుల్లో డాలర్ల కొరత పాత సమస్య. జీతం రుఫియాలో వస్తుంది, ఇంటికి పంపాలంటే డాలర్లు కావాలి. ఆఖరి వారంలో మొత్తం ఒకేసారి పంపుదామంటే బ్యాంకు పరిమితి అడ్డొస్తుంది. అందుకని నెలనెలా పంపగలిగినంత పంపుతూ రండి. కాస్త ఎక్కువ రేటు ఇస్తామని ఎవరో చెప్పారని హవాలా దారి పట్టొద్దు. ఆ డబ్బు ఎక్కడిదో చూపించే కాగితం మీ దగ్గర ఉండదు, రేపు ఇల్లు కట్టేటప్పుడో పన్ను నోటీసు వచ్చినప్పుడో చిక్కు మీదే. అక్కడి క్రెడిట్ కార్డు, లోను తీర్చేసి క్లియరెన్స్ లెటర్ తీసుకోండి. అక్కడి సిమ్ ఆఖరి రూపాయి మన ఖాతాకు చేరే దాకా ఆపొద్దు. నోట్లుగా 5,000 డాలర్లకు మించి గానీ, చెక్కులతో కలిపి 10,000 డాలర్లకు మించి గానీ తెస్తుంటే విమానాశ్రయంలో కస్టమ్స్‌కు డిక్లరేషన్ ఇవ్వాలి.

ఊళ్లో దిగాక మీ ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు పాత హోదాతో నడపకూడదు. తిరిగొచ్చేశామని బ్యాంకుకు చెప్పి మామూలు ఖాతాగా మార్పించాలి. విదేశీ కరెన్సీలోనే కొంత ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవొచ్చు. ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ గడువు తీరేదాకా అలాగే కొనసాగుతుంది.

ఆదాయపు పన్నులో మీరు దిగే తేదీకి ఉన్న విలువ చాలామందికి తెలియదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉండే సంవత్సరంలో 182 రోజులు, అంతకు మించి ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి మీరు నివాసి. ఇది కాక, ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ ఉన్నవారికి వర్తించే ఇంకో నిబంధన ఉంది. సెలవులకు ఎక్కువగా వచ్చిపోయినవాళ్లు దాన్ని కూడా చూసుకోవాలి. మామూలుగా అక్టోబరు మొదటి వారం దాటి దిగినవాళ్లకు ఆ ఏడాది 182 రోజులు నిండవు. జూన్‌లో దిగితే నిండుతాయి. అప్పుడు ఆర్‌ఎన్‌ఓఆర్ అనే మధ్య స్థితి మీకు వస్తుందా రాదా అన్నది ముఖ్యం. వెనకటి ఏడేళ్లలో ఇక్కడ ఉన్న రోజులు 729 దాటకపోతే అది వస్తుంది, విదేశంలో సంపాదించినదానికి, అక్కడి వడ్డీకి ఇక్కడ పన్ను పడదు. ఎనిమిదేళ్లు బయట ఉండి ఏటా రెండు నెలలు వచ్చిపోయినవాళ్లకు 420 రోజులే కాబట్టి వస్తుంది. నాలుగేళ్లే ఉన్నవాళ్లకు రాదు, అంతకు ముందు మూడేళ్లు పూర్తిగా ఇక్కడే ఉన్నారు కదా. వాళ్లు జూన్‌లో దిగితే ఏప్రిల్, మే నెలల విదేశీ జీతం కూడా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. పాస్‌పోర్ట్‌లో ముద్రలన్నీ ఫొటోలు తీసి, ఏ ఏడాది ఎన్ని రోజులో రాసుకుని టికెట్ కొనకముందే ఆడిటర్‌కు చూపించండి. టికెట్ తేదీ మార్చుకోవడం ఆ తర్వాత కష్టం.

సామాను గురించి ఎక్కువ చెప్పను. పాత టీవీ, ఫ్రిజ్ మోసుకురావద్దు. నగల విషయంలో ఏడాదికి మించి బయట ఉన్నవాళ్లు ఆడవాళ్లయితే 40 గ్రాములు, మగవాళ్లయితే 20 గ్రాముల దాకా సుంకం లేకుండా తేవచ్చు. అంతకు మించినదానికి బిల్లు, డిక్లరేషన్ దగ్గర పెట్టుకోండి.

పిల్లలుంటే టీసీ, మార్కుల జాబితాలు, టీకాల కార్డు, అక్కడ పుట్టిన బిడ్డయితే జనన ధ్రువీకరణ, రాయబార కార్యాలయంలో చేయించిన నమోదు, ఇవన్నీ అక్కడి పనులే. మన బడులు జూన్‌లో తెరుస్తారు. అక్కడి విద్యా సంవత్సరం దానితో కలవకపోతే మధ్యలో కొన్ని నెలలు వస్తాయి. ఆ నెలల్లో పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పండి. మీరిద్దరూ టీచర్లు, అందులోనూ భాష నేర్పేవాళ్లు. ఇంట్లో ఇంగ్లీషు గలగలా మాట్లాడే పిల్లవాడు ఇక్కడి నాలుగో తరగతిలో తెలుగు వాచకం ముందు బిక్కచచ్చి కూర్చోవడం అన్యాయం. అక్కడ ఉండగానే రోజూ అరగంట మొదలుపెట్టండి.

ఇప్పుడు ఉద్యోగాలు. ఇద్దరూ ఒకేచోట, ఒకేలాంటి ఉద్యోగం అన్న అలవాటు విదేశంలో పడుతుంది, ఎందుకంటే వీసా, ఇల్లు రెండూ దానికి కట్టి ఉంటాయి. ఇక్కడ ఆ అవసరం లేదు. ఒకరు నెల జీతమొచ్చే స్థిరమైన ఉద్యోగం చూసుకుని, ఇంకొకరు ఆరు నెలల నుంచి ఏడాది దాకా పోటీ పరీక్షలకో సొంత పనికో సమయం తీసుకుంటే ఇంటికి భద్రత ఉంటుంది. ఎవరు ఏది అన్నది అక్కడే, విమానం ఎక్కకముందే మాట్లాడుకోండి. ఊరికొచ్చాక ఆ నిర్ణయంలో అత్తామామలు, అమ్మానాన్నలు, మేనమామలు అందరూ చేరతారు. ఆడమనిషే ఆగాలని చెప్పేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. అందుకే తలుపు తట్టకముందే మీ మాట ఒకటిగా ఉండాలి.

ప్రైవేటు బడులు కొత్త టీచర్లను ఎక్కువగా మార్చి నుంచి మే దాకా తీసుకుంటాయి. కర్నూలు, ఆదోనిలోని సీబీఎస్‌ఈ బడులకు, హైదరాబాద్, బెంగళూరులోని ఇంటర్నేషనల్ బడులకు అక్కడి నుంచే దరఖాస్తు పంపి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఇవ్వండి. ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్న టీచరుకు ఉండే విలువ, ఖాళీగా ఉన్న టీచరుకు ఉండదు. అక్కడి జీతాన్ని రూపాయల్లోకి మార్చి బేరం మొదలుపెట్టొద్దు. మీరు చెప్పిన తరగతులు, ఫలితాలు, సిలబస్ ముందు పెట్టండి.

ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే దాని లెక్క వేరు. డీఎస్సీలో విదేశీ అనుభవానికి మార్కులేవీ లేవు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, జిల్లాల వారీగా చూస్తే కర్నూలుకే ఎక్కువ. ఓసీలకు వయోపరిమితి అప్పుడు 44 ఏళ్లు. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేసరికి మీ వయసు ఎంతో ముందే చూసుకోండి. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది, టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. కాబట్టి తక్కువ మార్కులతో గట్టెక్కినవాళ్లు మళ్లీ రాయడం మంచిది. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు కావాలంటే బీఈడీలో ఇంగ్లీషు మెథడాలజీ ఉండాలి. విదేశంలో చేసిన టీఈఎఫ్‌ఎల్ కోర్సు దాని స్థానంలో పనికిరాదు. నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఇక్కడి పనే, వచ్చాక తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ బడులైతే సీటెట్ రాయాలి. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో ఉన్న నవోదయ లాంటి బడిలో, ఇంటికి దగ్గరగా ఇంగ్లీషు టీచరుగా ఉండే అవకాశం ఆ దారిలో వస్తుంది. చదువులో ఇంకో మెట్టు ఎక్కాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లోని ఇఫ్లూ దూరవిద్యలో ఇంగ్లీషు బోధన కోర్సులు నడుపుతోంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైన సంస్థ అది. ఆ సర్టిఫికెట్‌కు ఇక్కడి బడుల్లో మంచి విలువ ఉంది.

సొంతంగా స్పోకెన్ ఇంగ్లీషు, ఐఈఎల్‌టీఎస్ శిక్షణ పెట్టుకుందామనుకుంటే మొదట ఒకే బ్యాచ్, ఒకే గది. ఫ్రాంచైజీకి లక్షలు కట్టొద్దు. సెటిల్‌మెంట్ సొమ్ముతో మొదటి ఆరు నెలలు ప్లాటు కొనడం, అప్పు ఇవ్వడం, ఫర్నిచర్ మీద ఖర్చు పెట్టడం ఏవీ వద్దని నా గట్టి మాట. ఆ ఆరు నెలలకు ఇంటి ఖర్చు ఎంతో లెక్క వేసి వేరే ఖాతాలో పెట్టండి. వైద్య బీమా మాత్రం వెంటనే తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లు. ఆ మూడేళ్లు పాలసీ మొదలైన రోజు నుంచి లెక్క కాబట్టి ఆలస్యం చేస్తే నష్టం మీదే. అక్కడ చేయించుకున్న పరీక్షల రిపోర్టులు తెచ్చుకోండి.

మీ చేతిలో ఉన్న నైపుణ్యం మన పడమటి మండలాలకు ఎంత అవసరమో ఒక మాట చెప్పాలి. ఇక్కడి తరగతి గదిలో తెలుగు, ఉర్దూ, కన్నడం ఇంట్లో మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద ఉంటారు. సుగ్గికి పోయిన ఇంటి పిల్లవాడు నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చి, ఎక్కడ ఆగాడో తెలియక కూర్చుంటాడు. మీరు మాల్దీవుల్లో దివేహీ మాట్లాడే పిల్లలకు వాళ్ల భాష పూర్తిగా రాకుండానే, బొమ్మలతో, ఆటతో, వాక్యం తర్వాత వాక్యంగా ఇంగ్లీషు నేర్పారు. ఇక్కడ పిల్లల భాష మీకు వచ్చు. ఆ రెండూ కలిపి వాడగల టీచర్లు తక్కువ. అందుకని ఆఖరి వారాల్లో రోజుకు ఒక గంట తీసుకుని, అక్కడ బాగా పండిన పాఠాల్లో ఇరవైని ఇక్కడి పిల్లలకు తగ్గట్టు తిరగరాయండి. సముద్రం, డాల్ఫిన్ ఉన్న చోట పత్తి మార్కెట్, మగ్గం, తుంగభద్ర కాలువ పెట్టండి. క్లాసులో ఎలా నడిచిందో, ఎక్కడ పిల్లలు ఆగిపోయారో ఒక్కో పాఠం కింద రాయండి. జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే అది రాయగలరు. జూన్‌లో బడులు తెరిచే నాటికి ఆ ఫైలు సిద్ధంగా ఉంటే, డెమో క్లాసు అడిగిన బడిలో అదే రోజు మీరిద్దరూ పాఠం చెప్పవచ్చు.